యంత్రానికి లేని మైల

మా ఇంట్లో రెండేళ్ళ నించి కసువు చిమ్ముతున్నది మనిషి కాదు, యంత్రం. అట్లపెనమంత గుండ్రంగా, బెత్తెడు కంటే కొంచెం ఎత్తుగా ఉంటుంది. అడుగున రెండు చక్రాలు, పక్కన గిర్రున తిరిగే మూడు రెక్కల బుల్లి చీపురు, మధ్యలో దొర్లుతూ దుమ్ముని లోపలికి నెట్టే బ్రష్షు, గాలితో పీల్చుకునే మోటారు, పీల్చింది దాచుకునే డబ్బా. నెత్తిన ఒక బుడిపె. ఆ బుడిపె లోపల తిరుగుతూ లేజర్ కాంతిని గోడల మీదికి పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి ఏ గోడ ఎంత దూరమో లెక్కగట్టుకుంటుంది. అట్లా మా రెండు గదుల అద్దె ఇంటి పటం గీసి సెల్‌ఫోన్‌లో చూపిస్తుంది. మంచం కింద దూరుతుంది, బీరువా పక్కన తిరుగుతుంది, గోడ తగిలితే వెనక్కి మళ్ళుతుంది. రోబో వాక్యూమ్ క్లీనర్ అంటారు దీన్ని. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు, అమ్మకి నడుము వంగటం లేదని, 18,000 రూపాయలు పెట్టి కొని పంపించాడు.

డబ్బులుంటే కొనుక్కున్నారు, ఇందులో రాయటానికేముంది అంటారేమో. ఉంది. మా వంశంలో చీపురు పట్టకుండా తెల్లారిన ఆడమనిషి లేదు. మా సొంత ఇళ్ళకి చిమ్మటానికి పెద్దగా ఏముండేది? ఒక్క గుడిసె, దాని ముందు నాలుగడుగుల నేల. మేం చిమ్మిందంతా ఊళ్ళోవాళ్ళ వాకిళ్ళే. అట్లాంటి ఇంట్లోకి తనంతట తనే చిమ్మే వస్తువు వచ్చింది. వచ్చి నా ముందు ఒక ప్రశ్న పెట్టింది. చెత్త ఎత్తే పనిలో మైల ఉందా? ఎత్తే మనిషి ఒంట్లో ఉందా? ఎత్తమని చెప్పినవాళ్ళ కళ్ళల్లో ఉందా? ఈ ప్రశ్న నేను డిగ్రీలో పుస్తకాల్లో చదువుకున్నదే. జవాబు కళ్ళతో చూసింది మాత్రం ఈ యంత్రం వచ్చాకనే.

ముందు మా చీపురు సంగతి చెప్పాలి.

మా అమ్మ తెల్లారుజామున నాలుక్కి లేచి ఊళ్ళో ఒక పెద్దరైతు ఇంటికి పొయ్యేది. అంతకుముందు మా నాయనమ్మ పొయ్యేది. గొడ్లసావిట్లో పేడ ఎత్తి, ఆ పేడ నీళ్ళల్లో కలిపి, వాకిలంతా చిమ్మి కళ్ళాపి చల్లి రావాలి. కళ్ళాపి చల్లిన వాకిట్లో ముగ్గు పెట్టేది మాత్రం ఆ ఇంటి కోడళ్ళు. వాకిలి శుభ్రం చేసిన చెయ్యి ముగ్గు ముట్టుకోకూడదు. పంచ ఎక్కకూడదు. గడప సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాదికి ఇంతని వడ్లు, రోజూ రాత్రి మిగిలిన అన్నం. అన్నం పైనించి వదిలితే అమ్మ కింద గిన్నె పట్టేది. ఆ ఇంటి చీపురు కూడా బయట, సావిడి చూరులోనే ఉండేది. ఇంట్లో వాడే చీపురు వేరే.

చీపురంటే లక్ష్మీదేవి అంటారు. కాలితో తొక్కకూడదంటారు, నిలబెట్టి పెట్టకూడదంటారు, దీపం పెట్టాక చిమ్మితే సిరి పోతుందంటారు. ఇంత మర్యాద ఈతాకుకీ గడ్డికీ ఉంది. దాన్ని పట్టుకున్న చేతికి లేదు. లక్ష్మీదేవిని రోజూ గుప్పిట పట్టుకొని తిరిగిన మా అమ్మకి ఏ సిరీ అంటుకోలేదు, మైల మాత్రం అంటుకుంది. చిన్నప్పుడు నాకిది అర్థమయ్యేది కాదు. పెద్దయ్యాక అర్థమైంది, కానీ ఎవరినీ ఒప్పించగలిగేది కాదు.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి బళ్ళో అయ్యవారు సాయంత్రం బడి వదిలేటప్పుడు ఒక మాట అనేవారు: "పేట పిల్లలు రేపు కాస్త ముందు రండి." ఎందుకో చెప్పక్కర్లేదు. పేటనించి వచ్చే ఆడపిల్లలం నలుగురం. పొద్దున్నే పోయి గదులు చిమ్మి, బల్లలు తుడిచి, కుండలో నీళ్ళు పొయ్యటానికి మాత్రం ఊరి పిల్లలొచ్చేదాకా ఆగేవాళ్ళం. మేం చిమ్మిన గదిలో వాళ్ళొచ్చి కూర్చునేవాళ్ళు. మేం ముట్టిన నేల వాళ్ళకి మైల కాలేదు. మేం ముట్టిన కుండ మైల అయ్యేది. ఆ లెక్క ఏంటో ఏ లెక్కల మాస్టారూ మాకు చెప్పలేదు.

ఆ బళ్ళోనించే చదువుకొని, హాస్టళ్ళల్లో తిని, మా ఇంట్లో మొదటి డిగ్రీ, మొదటి బీఈడీ నాది. 2018 డీఎస్సీలో టీచర్ ఉద్యోగం వచ్చింది. ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటుంది.

యంత్రం వచ్చిన రోజు అమ్మ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకొని కూర్చుంది. అది మంచం చుట్టూ తిరుగుతుంటే దాని వంకే చూస్తా ఉంది. కాసేపటికి దానికి తాబేలని పేరు పెట్టింది. తర్వాత లెక్కలు మొదలుపెట్టింది.

"ఏమ్మే, దీనికి కూలెంత?"

"కూలేం లేదమ్మా."

"తిండి?"

"కరెంటే దాని తిండి."

"పండక్కి కోక పెట్టాల్నా?" అని తనే నవ్వింది.

హాలు సగం చిమ్మేసరికి యంత్రం పని ఆపి, వెనక్కి తిరిగి, గోడ పక్కనున్న దాని గూటికి పోయి కూర్చుంది. బ్యాటరీ తగ్గితే అట్లా తనే పోయి ఛార్జింగ్ పెట్టుకుంటుంది. నిండినాక మళ్ళీ వచ్చి, వదిలిన చోటునించి చిమ్ముతుంది. అమ్మకి ఇది వింతైంది. "అదేంది, సగంలో పోయి కూకుంది?" అంది. అలిసిపోయిందని చెప్పాను. అమ్మ కొంచెంసేపు ఏం మాట్లాడలా. తర్వాత, "నువ్వు కడుపులో ఉండంగా, నెలలు నిండినాక కూడా, నేను సగంలో కూకోలా" అంది. ఏడుస్తా అన్లేదు, ఎవర్నీ తిడతా అన్లేదు. పోలిక తెచ్చింది, అంతే.

ఆ పోలిక పట్టుకొనే నేను ఈ యంత్రాన్ని చూట్టం మొదలుపెట్టాను.

దీనికి కొన్ని చోట్ల అడ్డు పెట్టొచ్చు. ఫోన్‌లో కనిపించే ఇంటి పటం మీద వేలితో ఎర్రగీత గీస్తే, అది ఆ గీత దాటదు. అమ్మ వక్కాకు పెట్టె, మందుల సంచీ పెట్టుకునే మూల ఒకటి ఉంది. అక్కడికి రావద్దని మా ఆయన ఒక గీత గీశాడు. నేను ఆ తెర మీది బొమ్మని చూస్తా ఉండిపోయాను. ఇల్లు, ఇంట్లో దారులు, దారుల మధ్య ఎర్రగీత, గీతకి అవతల రాకూడని చోటు. ఊరి పటం గీస్తే అచ్చం ఇట్లాగే ఉంటుంది. కాకపోతే ఊళ్ళో గీసిన గీతలు కనపడవు, చెరపటానికి ఏ ఫోన్లోనూ మీట ఉండదు. యంత్రానికి గీసిన గీత అవసరం తీరగానే తీసెయ్యొచ్చు. మాకు గీసిన గీతకి అవసరం ఏంటో మూడు వేల ఏళ్ళయినా ఎవరూ చెప్పలేదు.

ఇంకొకటి. అమ్మకి ఒక నల్ల గొంగడి ఉంది. దాన్ని నేల మీద పరిస్తే యంత్రం దాని అంచు దాకా వచ్చి ఆగిపోతుంది, వెనక్కి జరుగుతుంది, ఇంకో పక్కనించి వచ్చి మళ్ళీ ఆగుతుంది. మా అబ్బాయి రెండో తరగతి. "అమ్మా, దానికి నలుపంటే భయమా?" అని అడిగాడు. సైన్స్ టీచర్ని కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మెట్ల మీదనించి పడిపోకుండా దాని అడుగున పరారుణ కాంతి పంపే కళ్ళుంటాయి. నేలకి తగిలి కాంతి తిరిగొస్తే నేలుందని లెక్క, తిరిగిరాకపోతే గొయ్యి ఉందని లెక్క. నల్లటి గుడ్డ ఆ కాంతిని మింగేస్తుంది, అందుకని అక్కడ గొయ్యి ఉందనుకుంటుంది. ఇందులో కులం లేదు, కాంతి సూత్రం ఉంది. యంత్రం నలుపుని చూసి గొయ్యి అనుకుంటే దాన్ని లోపం అంటారు, దిద్దటానికి ఇంజనీర్లు కూర్చుంటారు. మనుషులు అనుకుంటే దాన్ని ఆచారం అన్నారు, కాపాడటానికి శాస్త్రాలు రాశారు.

అసలు సంగతి మా బళ్ళో పనిచేసే ఒక టీచరు వల్ల తెలిసింది. ఆమె ఇంట్లోనూ ఇట్లాంటి యంత్రమే ఉంది. స్టాఫ్‌రూమ్‌లో దాని మాటొచ్చి, చాలా సంతోషంగా చెప్పింది: "పనిమనిషి కంటే ఇదే నయమండీ. మానదు, అడగదు. దేవుడి గదిలోకి కూడా పోనివ్వొచ్చు, ముట్టూ మైలా బాధ లేదు." ఆమె చెడ్డమనిషి కాదు. నాతో కలిసి భోంచేస్తుంది, నా డబ్బాలో పచ్చడి వేసుకుంటుంది. ఆ మాట అన్నప్పుడు నేనక్కడే ఉన్నానన్న సంగతి కూడా ఆమెకి తట్టలేదు. అంత మామూలుగా అన్నది.

ఆ మాటని విప్పి చూడండి. ఆ యంత్రం ఏం చేస్తుంది? మరుగుదొడ్డి గుమ్మం ముందు కూడా చిమ్ముతుంది. చెప్పులు విడిచే చోట చిమ్ముతుంది. ఇంట్లో రాలిన వెంట్రుకలు, గోళ్ళు, చచ్చిన బొద్దింకలు అన్నీ కడుపులో పెట్టుకుంటుంది. అవన్నీ కడుపులో ఉండగానే దేవుడి గదిలోకి పోతుంది. ఎవరూ అడ్డం చెప్పరు. అది తాకిన నేలని పసుపునీళ్ళతో కడగరు. దాన్ని ముట్టుకున్నాక స్నానం చెయ్యరు. ఆ పని చేసి ఇంటికిపోయి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొచ్చిన పనిమనిషి మాత్రం ఆ గది గడప దాటకూడదు. అంటే చెత్త ముట్టుకుంటే మైల రాదన్నమాట. చెత్తలో మైల ఉంటే ముందు యంత్రానికి రావాలి. యంత్రానికి రాలేదంటే అది చెత్తలో లేదు, పనిలోనూ లేదు. వేల ఏళ్ళుగా మాకు చెప్పిన కారణం అబద్ధం. మీరు మురికి పని చేస్తారు కాబట్టి దూరంగా ఉండమన్నామని ఇప్పటికీ చాలామంది పెద్దమనుషులు సర్దిచెప్తారు. అది అబద్ధమని ఈ 18,000 రూపాయల తాబేలు రుజువు చేసింది.

అంబేడ్కర్ ఈ మాట ఎప్పుడో చెప్పాడు. 1936లో అచ్చయిన 'కులనిర్మూలన'లో, కులమంటే పనిని పంచుకోవటం కాదనీ, పనిచేసే మనుషుల్నే విడగొట్టి ఒకరిమీద ఒకర్ని మెట్లుగా పేర్చటమనీ తేల్చాడు. 1945లో కాంగ్రెసూ గాంధీ అంటరానివారికి ఏం చేశారో రాసిన పుస్తకంలో ఇంకో అడుగు ముందుకేశాడు. మన దేశంలో పాకీపని చెయ్యటం వల్ల ఎవరూ పాకీవాళ్ళు అవటం లేదు, ఆ ఇంట్లో పుట్టటం వల్ల అవుతున్నారు, పని మానేసినా ఆ పేరు పోదు అని అర్థం వచ్చేట్టు వాదించాడు. ఇవి చదివినప్పుడు నాకు నిజమనిపించాయి. యంత్రం దేవుడి గదిలోకి పోయిందని విన్నాక, ప్రయోగశాలలో తేలిన నిజమనిపించాయి.

ఆ 'కులనిర్మూలన'లోనే పీష్వాల రాజ్యపు పూనా ప్రస్తావన ఉంది. అంటరానివాళ్ళు నడుముకి చీపురు కట్టుకొని, తమ అడుగుజాడల్ని తామే చెరుపుకుంటూ నడవాలి. ఉమ్మి నేలమీద పడకుండా మెడలో ముంత వేలాడేసుకోవాలి. మా యంత్రం పొట్టకింద చీపురు కట్టుకొని, తను పోయిన దారంతా తుడుచుకుంటూ పోతుంటే నాకు ఆ పూనా వీధి గుర్తుకొస్తుంది. చీపురు ఒకటే. యంత్రానికి అది చేసే పని. ఆ మనుషులకి అది వేసిన శిక్ష. శిక్షని పనిలాగా కనిపించేట్టు చెయ్యటంలోనే మనువు తెలివంతా ఉంది.

ఇక్కడ ఇద్దరు మిత్రులు అడ్డు తగుల్తారు. ఇద్దరి మాటా వినాలి.

ఒకాయన అంటాడు: పని పవిత్రమైంది, చీపురు పట్టటం గొప్ప సేవ, దాన్ని ఎందుకు తక్కువ చూస్తారు? గాంధీగారు చెప్పింది ఇదే. తన మలం తను ఎత్తాడు, ఆశ్రమంలో అందరిచేతా ఎత్తించాడు. ఆ నిజాయితీని నేను కాదనను. కానీ వంద ఇళ్ళ వాకిళ్ళు చిమ్మిన మా అమ్మకి ఆ పని పవిత్రమని చెప్పటం వల్ల ఒరిగేదేంటి? అంత పవిత్రమైతే ముగ్గు పెట్టే కోడళ్ళు ఆ పుణ్యాన్ని మాకెందుకు వదిలేశారు? పొగడ్త కూలికి బదులు కాదు. పొగిడి ఆ మనిషిని అక్కడే ఉంచేస్తే ఆ పొగడ్త కూడా ఒక ఎర్రగీతే.

ఇంకొకాయన అంటాడు: యంత్రాలొస్తే కులం దానంతటదే పోతుంది, మీరు ఊరికే కులం కులం అంటారు. ఈయన కమ్యూనిస్టు పార్టీలో పనిచేసిన పెద్దమనిషి, నాకు పాఠాలు చెప్పినవాడు. యంత్రానికి నేను వ్యతిరేకం కాదు. అంబేడ్కరూ కాదు. మనిషి పశువులాగా బతక్కుండా ఉండాలంటే యంత్రం కావాలని, తప్పు యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొద్దిమంది చేతిలో పెట్టే సమాజానిదని అదే 1945 పుస్తకంలో వాదించాడు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న యంత్రం వచ్చిందా లేదా అని కాదు. ముందు ఎవరి దగ్గరికి వచ్చింది?

లెక్క చూడండి. ఇళ్ళల్లో తివాచీల మీది దుమ్ము కోసం రూంబా అనే రోబోని అమెరికాలో ఐరోబో కంపెనీ 2002లో మార్కెట్లో పెట్టింది. మన దేశంలో మ్యాన్‌హోల్‌లోకి మనిషికి బదులు దిగే బ్యాండికూట్ అనే రోబోని కేరళ కుర్రాళ్ళు తయారుచేసి తిరువనంతపురంలో పనిలోకి దించింది 2018లో. మధ్యలో పదహారేళ్ళు. మురుగు యంత్రం చెయ్యటం తివాచీ యంత్రం చెయ్యటం కంటే కష్టం కావచ్చు. అయినా అడుగుతాను. తివాచీ దుమ్ము వల్ల చచ్చిపోయినవాళ్ళెవరు? మురుగు వాయువుకి చచ్చిపోయినవాళ్ళు ఎందరు? చేత్తో మలం ఎత్తించటం నేరమని 1993లో ఒక చట్టం వచ్చింది. అది చాలక 2013లో ఇంకో చట్టం వచ్చింది. కోలార్ బంగారు గనుల ఊళ్ళో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతోపాటు సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్ళు దేశమంతా తిరిగి, కోర్టులో ఏళ్ళ తరబడి పోరాడితే, 1993 నించి మురుగులో చచ్చిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకి ఇచ్చే డబ్బు పెరిగింది. చావులు ఆగలేదు కాబట్టే పెంచాల్సొచ్చింది.

సూత్రం ఇది. మనిషి చెయ్యి ఎక్కడ ఖరీదో అక్కడికి యంత్రం ముందొస్తుంది. ఎక్కడ చవకో అక్కడికి ఆఖరున వస్తుంది. మన దేశంలో ఏ చెయ్యి చవకో కులమే నిర్ణయించింది. యంత్రం దానంతటది కులాన్ని పోగొట్టదు. అది కులం వేసిన దారిలోనే నడిచొస్తుంది.

యంత్రం వచ్చాక కూడా చివర ఒక చెయ్యి ఉంటుంది. మా తాబేలు డబ్బా నిండితే ఎవరో ఒకరు దులపాలి. దాని బ్రష్షుకి చుట్టుకున్న వెంట్రుకలు కత్తెరతో కోసి తియ్యాలి. మా ఆయన పెళ్ళైన దగ్గర్నించి చీపురు ముట్టుకోని మనిషి. యంత్రం వచ్చాక ఫోన్‌లో మీట నొక్కి, "ఇల్లు నేనే చిమ్మాను" అని అందరికీ చెప్పుకుంటాడు. చీపురు ఫోన్‌లోకి పోగానే అది మగవాళ్ళ పని అయింది. వెంట్రుకలు కొయ్యటం మాత్రం ఆడవాళ్ళ పనిగానే మిగిలింది. మొదటి నెల నేనూ అమ్మా చేశాం. తర్వాత గోడ మీద కాగితం అంటించాను: ఆదివారం, బుధవారం ఆయన. కాగితం మీద ఉంటే చేస్తున్నాడు. దళితుడు అయినంత మాత్రాన ఇంట్లో మొగుడు కాకుండా పోడు. ఇది కూడా మనం మన పుస్తకాల్లో రాసుకోవాలి.

డబ్బాలోని దుమ్ము ఎక్కడికి పోతుంది? పొద్దున్నే మునిసిపాలిటీ బండి వస్తుంది. దాని వెనక నిలబడి, చేతులకి తొడుగు కూడా లేకుండా తడి చెత్త, పొడి చెత్త విడదీసే ఆవిడ ఏ పేటనించి వచ్చిందో నేను అడగలేదు. అడగక్కర్లేదు. యంత్రం మా గడప లోపల ఆగిపోయింది. గడప అవతల అంతా మునుపటి మనుషులే.

ఈ యంత్రాల తెలివి వెనకా మనుషులే ఉన్నారు. ఐరోబో కంపెనీ పరీక్షల కోసం కొందరి ఇళ్ళల్లో పెట్టిన కెమెరా యంత్రాలు 2020లో తీసిన ఫొటోలు బయటపడ్డాయని 2022లో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక రాసింది. వాటిలో మరుగుదొడ్డిలో కూర్చున్న ఒక స్త్రీ ఫొటో కూడా ఉంది. ఎట్లా బయటపడ్డాయి? ఇది కుర్చీ, ఇది చెప్పు, ఇది కుక్క అని యంత్రానికి నేర్పాలంటే ముందు ఎవరో ఒకరు లక్షల ఫొటోల మీద పేర్లు రాయాలి. ఆ పని వెనెజువెలా లాంటి బీద దేశాల్లో కాంట్రాక్టు కూలీలు చేశారు. ఆ కూలీలే వాటిని తమలో తాము పంచుకున్నారు. మా యంత్రానికి కెమెరా లేదు కాబట్టి మా ఇంటికి ఆ భయం లేదు. కానీ తెలివిగల యంత్రం అన్నప్పుడల్లా ఆ తెలివికి ఎవరికి ఎంత కూలి ముట్టిందని అడగటం నాకు అలవాటైంది.

ఇక అన్నిటికంటే బరువైన మాట.

మా బళ్ళో మరుగుదొడ్లు కడిగే ఆయాకి నెలకి 6,000 రూపాయలు. అదీ నెలనెలా రాదు. మా తాబేలు ఖరీదు ఆమె మూడు నెలల జీతం. ఆమె మా పేట మనిషే, వరసకి నాకు చెల్లెలవుతుంది. నేను ఈ టౌన్‌కి వచ్చిన కొత్తలో మా ఇంట్లో పనికి వస్తానంది. వద్దన్నాను. యంత్రం కొన్నామని తెలిసి ఒకరోజు సూటిగా అడిగింది.

"అక్కా, నన్ను పెట్టుకోమంటే పెట్టుకోలా. ఇప్పుడు మిషన్ని పెట్టుకున్నావు. ఆ పద్దెనిమిది వేలు నాకిస్తే ఏడాది పొడుగునా చిమ్మేదాన్ని గదా?"

"నా మనిషి చేత నా ఇల్లు చిమ్మించుకోలేనే" అన్నాను.

"నీకు సిగ్గు. నాకు బియ్యం" అంది.

ఆ నాలుగు మాటలకి సరితూగే వాక్యం నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. ఆత్మగౌరవం గురించి మనం సభల్లో మాట్లాడేటప్పుడు, ఆ గౌరవం కోసం చీపురు పారెయ్యమని పిలుపిచ్చేటప్పుడు, చీపురు పారేసిన చెయ్యి సాయంత్రానికి ఏం వండుకుంటుందో కూడా చెప్పాలి. ఆమెని పనిలో పెట్టుకోకూడదన్న నా నిర్ణయం మీద ఇప్పటికీ నిలబడతాను. మా అమ్మ చేతిలోనించి తీసిన చీపురుని చెల్లెలి చేతిలో పెడితే నా చదువు ఒక ఇంటికి కొత్త పెద్దరైతుని తయారుచేసినట్టే. కానీ నా నిర్ణయం ఆమె పొయ్యి మీద కుండ ఎక్కించదు. ఆ సంగతి తెలిసే దాని మీద నిలబడాలి. ఆయాలందరి తరఫునా జీతం బకాయిల కోసం అర్జీ రాసిచ్చాను. ఆమె కూతురు చేత గురుకులం ఐదో తరగతి ప్రవేశ పరీక్ష రాయించాను, సీటొచ్చింది. ఆమెకి నా మీద కోపం పూర్తిగా పోలేదు. పోవాలని నేను అడగను కూడా. యంత్రం వల్ల చీపురు పోతే మంచిదే, కూలి కూడా పోతే ఆ మంచి ఎవరిదని ఆమె అడుగుతున్నది. దానికి జవాబు నా ఇంట్లో దొరకదు. భూమిలో, జీతంలో, చదువులో వాటా అడిగే ఉద్యమంలో దొరకాలి.

నేను చెయ్యగలిగేది నా తరగతి గదిలో ఉంది. మా తరగతి గది చిమ్మటానికి ఆయాని పిలవం. రోల్ నంబర్ల వరసలో రోజుకి ఇద్దరు, ఆడపిల్లలైనా మగపిల్లలైనా. ఒక ఆసామి వచ్చి గొడవ పెట్టుకున్నాడు. "మా అమ్మాయి ఇంట్లోనే చీపురు పట్టదు. బడికి పంపింది దీనికా?" అన్నాడు. హెడ్మాస్టరుగారు, "పోనీలేమ్మా, ఆ పిల్లని వదిలెయ్యి" అన్నారు. నేను ఆసామితోనే మాట్లాడాను. "మీ అమ్మాయి పట్టకూడని చీపురు పక్కనున్న పిల్ల ఎందుకు పట్టాలో చెప్పండి. మీరు చెప్పే కారణం బోర్డు మీద రాస్తాను, అందరికీ నచ్చితే మీ అమ్మాయిని వదిలేస్తాను." ఆయన చాలాసేపు నిలబడ్డాడు. కారణం ఆయనకి తెలుసు, నాకు తెలుసు, బయట నిలబడి వింటున్న పిల్లలకీ తెలుసు. నోటితో చెప్పటానికే ఎవరికీ ధైర్యం లేదు. ఒకప్పుడు మా అయ్యవారు "పేట పిల్లలు" అని గట్టిగా అనగలిగేవారు. ఇప్పుడు అనలేకపోవటం చట్టం వల్ల, ఉద్యమాల వల్ల వచ్చిన మార్పు. చిన్న మార్పు కాదు. చాలిన మార్పూ కాదు. ఆ అమ్మాయి తన నంబరు వచ్చిన రోజు చిమ్మింది. చీపురు ఎట్లా పట్టుకోవాలో తెలియక నిలబడితే పక్కపిల్ల చూపించింది.

మొన్న పిల్లలు అడిగారు: "టీచర్, మన బడికి కూడా మీ ఇంట్లో మిషన్ లాంటిది కొందామా?" కొందామన్నాను. కానీ దాని డబ్బా ఎవరు దులుపుతారో, వెంట్రుకలు ఎవరు తీస్తారో ముందు రాసుకుందామన్నాను. వాళ్ళే లేచి బోర్డు మీద రోల్ నంబర్లు రాశారు. సగం రాశాక వెనక బెంచీలోనించి ఒకడు లేచి, "దులపటం ఆడపిల్లల పని గదా టీచర్?" అన్నాడు. ఆ రోజు చెప్పాల్సిన కాంతి పరావర్తనం పాఠం పక్కనపెట్టి, వాడి ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టాను.